కంప్యూటరు గవాహీ, మన పిల్లల చదువు

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు మమ్మల్ని పిలిచి, "మాస్టర్ సాబ్, ఈసారి పిల్లల పైచదువుల గురించి పదిహేను నిమిషాలు మాట్లాడండి" అన్నారు. పదిహేను నిమిషాలని వారన్నారు గాని, నలభై అయిదు నిమిషాల పీరియడుకు అలవాటుపడ్డ నోరు ఇది. కాస్త ఎక్కువైతే మన్నించగోరుతున్నాము. ఇంకొక మనవి. మేము ఉర్దూ మీడియంలో చదివి, ఉర్దూ మీడియంలోనే లెక్కలు, సైన్సు చెప్పుకొంటున్న వాళ్లము. మా తెలుగు సగం పుస్తకాల తెలుగు, సగం బజారు తెలుగు. భాషలో తప్పులుంటే మావి. విషయం మాత్రం శ్రద్ధగా తెలుసుకొని వచ్చాము.

ప్రతి సంవత్సరం ఈ వేదిక మీద డాక్టరు చదువు, ఇంజనీరు చదువు, టీచరు ట్రైనింగు అని చెప్పుకొంటూనే ఉన్నాము. ఈసారి వేరే చదువు గురించి చెప్పదలచుకొన్నాము. దాని పేరు కంప్యూటర్ ఫోరెన్సిక్స్. దానికి జతగా కొన్ని విశ్వవిద్యాలయాలలో ఉగ్రవాద నిరోధం అనే పాఠం కూడా ఉంటుంది. ఆ రెండో పేరు వినగానే ముందు వరుసలో ఇద్దరు ముగ్గురు పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నారు. మేము చూశాము. రెండేళ్ల కిందట మా ముఖం కూడా అలాగే అయింది. అక్కడి నుంచే మొదలు పెడతాము.

మా బడిలో పదో తరగతి చదివిన ఒక అమ్మాయి, తరువాత ఇంటరు, ఆ పైన కంప్యూటర్లతో బి.ఎస్సి. పూర్తి చేసింది. వాళ్ల నాన్నగారు గడియారాలు బాగుచేస్తారు. కంటికి భూతద్దం తగిలించుకొని, శ్వాస కూడా మెల్లగా తీసుకుంటూ పనిచేసే మనిషి. ఆ అమ్మాయికి గుజరాత్‌లోని గాంధీనగర్‌లో ఉన్న నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదవాలని కోరిక. తండ్రి మా దగ్గరకు వచ్చి, "మాస్టర్ సాబ్, పిల్ల ఏదో నేరాల చదువు అంటోంది. బాంబులు, టెర్రరిస్టులు కూడా పాఠాల్లో ఉంటాయట. మన పేర్లతో ఆ చదువా? రేపు ఎవరైనా ఏమైనా అంటే?" అని అడిగారు. మేము ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. "వద్దు భాయీసాబ్, బి.ఎడ్. చేయించండి, బడిలో ఉద్యోగం, ఇంటి దగ్గరే ఉంటుంది" అన్నాము. ఆ అమ్మాయి తలుపు పక్కన నిలబడి వింటోందని మాకు తరువాత తెలిసింది.

అది మొదటి తప్పు. రెండోది దానికంటే పెద్దది.

ఆ సంవత్సరమే మా వీధిలో సెల్‌ఫోన్ రీచార్జి షాపు నడుపుకొనే ఒక కుర్రవాడి మీద ఆరోపణ వచ్చింది. వాట్సాప్ గ్రూపులో రెండు మతాల మధ్య చిచ్చుపెట్టే ఒక మెసేజి, దాని పైన ఇతని నంబరు ఉన్నట్లు ఒక ఫోటో. మరునాడు ఉదయం స్టేషనుకు రమ్మని కబురు. కుర్రవాడు రాత్రి పది గంటలకు ఏడుస్తూ మా ఇంటికి వచ్చి, "నేను పంపలేదు సర్, ఒట్టు" అన్నాడు. మేము, మాతోపాటు ఇంకొక పెద్దమనిషి, కూర్చొని ఆలోచించి ఏమి సలహా ఇచ్చామో తెలుసా? ఫోను మొత్తం చెరిపేయమన్నాము. ఫ్యాక్టరీ రీసెట్ అంటారు చూడండి, అది. ఏమీ లేకపోతే ఏ గొడవా ఉండదు గదా అని మా తెలివి.

మరునాడు అతని వెంట మేమూ వెళ్లాము. అక్కడి అధికారి మమ్మల్ని కుర్చీ వేసి కూర్చోబెట్టారు, టీ కూడా తెప్పించారు. మేము, "చాలా మంచి పిల్లవాడండీ, మా దగ్గర చదివినవాడు" అని చెప్పాము. ఆయన అన్నీ విని ఒకటే మాట అడిగారు: "మంచివాడైతే ఫోను ఎందుకు కడిగేశాడు మాస్టారూ?" మా దగ్గర జవాబు లేదు.

వాట్సాప్ మెసేజిలు పంపినవాడి ఫోనులోను, అందుకొన్నవాడి ఫోనులోను తప్ప చదవగలిగే రూపంలో మధ్యలో కంపెనీ దగ్గర ఉండవు. ఈనాటి ఫోన్లు లోపలి సమాచారాన్ని తాళం వేసి దాస్తాయి. రీసెట్ చేస్తే ఆ తాళంచెవే నాశనమవుతుంది. అంటే అతని నిర్దోషిత్వానికి ఉన్న ఒకే ఒక గవాహీని మేము మా చేతులతో చంపేశాము. పదకొండు నెలలు నడిచింది ఆ వ్యవహారం. చివరకు మెసేజి అందుకొన్న వేరొకరి ఫోనును పరీక్షించి, అది ఇంకొక నంబరు నుంచి వచ్చిందనీ, ఆ ఫోటో ఎవరో తయారుచేసిందనీ తేల్చారు. కుర్రవాడు బయటపడ్డాడు. కాని ఆ పదకొండు నెలలలో గల్ఫ్ ఉద్యోగానికి కావలసిన పోలీసు క్లియరెన్సు సర్టిఫికెట్టు రాలేదు; వీసా గడువు దాటిపోయింది. ఇప్పటికీ షాపులోనే ఉన్నాడు. ఎదురైనప్పుడు సలాము చేస్తాడు. మేమే ముఖం తిప్పుకొంటాము.

ఆ గడియారాల భాయీసాబ్ కూతురు ఈ సంగతి విని బడికి వచ్చింది. కోపంగా కాదు, ఆశ్చర్యంగా అడిగింది: "సర్, ఎందుకు చెరిపించారు? అతని తరఫున మాట్లాడగలిగింది అదొక్కటే గదా?" మా ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఏ ఇన్‌స్పెక్షనులోనూ మాకు అంత కష్టమైన ప్రశ్న రాలేదు.

ఇక విషయానికి వస్తాము. ఈ చదువులో ఏమి చెబుతారు?

మొదటి పాఠం, చెరిపినది అంతా పోదు అని. కంప్యూటర్లో ఫైలు తీసివేస్తే సాధారణంగా ఏమవుతుంది? హాజరు పట్టీలో పిల్లవాడి పేరు కొట్టేసినట్లు. పట్టీ ప్రకారం వాడు లేడు. కాని వెనుక బెంచీలో కూర్చొనే ఉంటాడు, ఆ చోటులో కొత్తగా చేరినవాడు వచ్చి కూర్చొనే దాకా. ఫోరెన్సిక్ పరీక్షకుడు పట్టీని నమ్మడు, బెంచీ బెంచీ తిరిగి చూస్తాడు. (ఈనాటి కొత్త రకం డిస్కులు, తాళం వేసిన ఫోన్లు ఆ బెంచీలను వెంటనే ఊడ్చేస్తాయి, అది వేరే సంగతి. మా కుర్రవాడికి జరిగింది అదే.)

అమెరికాలో విచితా అనే ఊళ్లో 1974 నుంచి 1991 వరకు పదిమందిని చంపి, ముప్పై ఏళ్లు దొరకకుండా తిరిగిన హంతకుడు డెనిస్ రేడర్. వాడు పోలీసులకే లేఖలు రాసేవాడు. ఫ్లాపీ డిస్కు పంపితే నన్ను పట్టుకోగలరా అని వాళ్లనే అడిగి, పట్టుకోలేరని నమ్మి, 2005లో ఒక ఫ్లాపీ పంపాడు. అందులో చెరిపేసిన ఒక డాక్యుమెంటు ఆనవాలు, దానికి అంటిపెట్టుకొని ఒక చర్చి పేరు, 'డెనిస్' అనే పేరు బయటపడ్డాయి. ఆ చర్చి కమిటీకి అధ్యక్షుడు వాడే. కొద్దిరోజులలో అరెస్టయ్యాడు.

రెండో పాఠం, చేయి పెట్టకుండా చూడటం. దొరికిన కంప్యూటరును ఆన్ చేసి వెతకడం మొదలుపెడితే, వెతికేవాడే దాన్ని మార్చేస్తాడు. తారీఖులు మారతాయి, కొత్త గుర్తులు పడతాయి. అందుకని డిస్కుకు, పరీక్షించే యంత్రానికి మధ్య రైట్ బ్లాకర్ అనే పరికరం పెడతారు. చదవనిస్తుంది, రాయనివ్వదు. ఫోనైతే బయటి సిగ్నలు అందకుండా ఫారడే సంచిలో వేస్తారు. తరువాత డిస్కు మొత్తానికి అక్షరం అక్షరం నకలు తీసి, నకలు మీదనే పనిచేస్తారు. అసలు సీలులో ఉంటుంది. ఈ మాట మేము ఆ గడియారాల భాయీసాబ్‌కు చెప్పినప్పుడు, "అచ్ఛా! అయితే మా పనే" అన్నారు. ఆయన అంతవరకు దీన్ని ఏదో పోలీసు పని అనుకొన్నారు.

నకలు అసలుకు సరిపోయిందని ఎలా నమ్మటం? దానికి హ్యాష్ అనే లెక్క ఉంది. డిస్కులో ఉన్నదంతా ఒక లెక్కలో వేస్తే ఒక సంఖ్య వస్తుంది. ఎస్.హెచ్.ఎ.-256 అనే పద్ధతిలో అయితే 64 అక్షరాల పొడవు. లోపల ఎక్కడైనా ఒక్క చుక్క మారినా ఆ 64 అక్షరాలూ గుర్తుపట్టరానంతగా మారిపోతాయి. ఉర్దూ చదివినవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. 'మహ్రమ్' అని రాసి ఒక్క నుక్తా కింద పెట్టండి, 'ముజ్రిమ్' అవుతుంది. ఆత్మీయుడు నేరస్థుడైపోతాడు. ఆ నుక్తా ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో చెప్పగలగడమే ఈ శాస్త్రం. ఈ లెక్కల్లో కూడా పాతవి బలహీనపడ్డాయి. ఎమ్.డి.5 అనేది 2004లో, ఎస్.హెచ్.ఎ.-1 అనేది 2017లో ఓడిపోయాయి. రెండు వేరు వేరు ఫైళ్లకు ఒకే సంఖ్య తెప్పించి చూపారు. కాబట్టి చదువు ఒకసారితో అయిపోదు.

మూడో పాఠం మన మదరసాలలో చదివినవాళ్లకు బాగా తెలిసినదే, పేరు మాత్రం వేరు. హదీసు చెప్పేటప్పుడు ముందు ఇస్నాద్ చెబుతారు గదా, ఫలానావారు ఫలానావారి నుంచి విన్నారు, వారు ఇంకొకరి నుంచి విన్నారు అని. మధ్యలో ఒక్క కొక్కెం తెగినా, ఒక్కరి నిజాయితీ మీద సందేహం వచ్చినా ఆ మాట బలం తగ్గుతుంది. మన పూర్వపు ఆలిములు ఈ ఒక్క పనికోసమే మనుషుల జీవిత చరిత్రలు సంపుటాలు సంపుటాలుగా రాశారు. కోర్టులో కంప్యూటరు సాక్ష్యానికి అడిగేదీ అదే. ఈ డిస్కు ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి, ఏ తారీఖున, ఎన్ని గంటలకు వెళ్లింది, ప్రతిచోటా సంతకం ఉందా? దీనిని చైన్ ఆఫ్ కస్టడీ అంటారు.

మన దేశపు చట్టం కూడా ఈ దారిలోనే నడిచింది. ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ చట్టం 2000లో వచ్చినప్పుడు పాత సాక్ష్య చట్టంలో 65బి అనే సెక్షను చేర్చారు. కంప్యూటరు నకలు కోర్టులో పెట్టాలంటే సర్టిఫికెట్టు ఉండాలని దాని సారాంశం. 2014లో అన్వర్ కేసులో, మళ్లీ 2020లో అర్జున్ పండిత్‌రావ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సర్టిఫికెట్టు తప్పనిసరి అని చెప్పింది. 2024 జులై 1 నుంచి పాత చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ అమలులోకి వచ్చింది. దాని 63వ సెక్షను ప్రకారం సర్టిఫికెట్టులో రెండు భాగాలుంటాయి: ఒకటి సాక్ష్యం తెచ్చినవారు ఇచ్చేది, రెండోది నిపుణుడు ఇచ్చేది. హ్యాష్ సంఖ్య అందులో రాయాలి. అదే రోజున అమలైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 176వ సెక్షను ప్రకారం, ఏడేళ్లు లేక అంతకు మించిన శిక్షపడే నేరాలలో ఫోరెన్సిక్ నిపుణుడు స్థలానికి వెళ్లి సాక్ష్యం సేకరించాలి. దీన్ని అమలుచేయడానికి రాష్ట్రాలకు అయిదేళ్ల వరకు వ్యవధి ఉంది. దేశంలో ఇన్ని జిల్లాలు, ఇన్ని స్టేషన్లు. ఎంతమంది కావాలో మీరే లెక్కవేసుకోండి. లెక్కల మాస్టరుగా మేము చెప్పగలిగింది, ఈ చదువుకు ఉద్యోగాల కరువు దగ్గరలో రాదని.

"సరే మాస్టర్ సాబ్, శాస్త్రం బాగుంది. కాని మన పేర్లు?" అని మీరు అడుగుతారు. న్యాయమే. భయం లేదని మేము చెబితే అబద్ధమవుతుంది. కొన్ని సంగతులు ఉన్నవి ఉన్నట్లు చెబుతాము.

2004 మార్చి 11న స్పెయిన్ దేశపు మాడ్రిడ్ నగరంలో రైళ్లలో బాంబులు పేలి 190 మందికి పైగా చనిపోయారు. డిటొనేటర్లు ఉన్న ఒక ప్లాస్టిక్ సంచి మీద వేలిముద్ర దొరికింది. అమెరికా ఎఫ్.బి.ఐ. వారి కంప్యూటరు ఇరవై దగ్గరి పోలికలు చూపింది. వాటిలో నాలుగోది ఓరెగాన్ రాష్ట్రంలో వకీలుగా ఉన్న బ్రాండన్ మేఫీల్డ్‌ది. ఆయన ఇస్లాం స్వీకరించిన మనిషి. ముగ్గురు పరీక్షకులు, ఈ ముద్ర నూటికి నూరు పాళ్లు ఆయనదే అన్నారు. సరిపోలడం లేదని స్పెయిన్ పోలీసులు ఏప్రిల్‌లోనే చెప్పారు. అయినా మే నెల 6న ఆయనను అదుపులోకి తీసుకొన్నారు. రెండు వారాల తరువాత స్పెయిన్‌వారు ఆ ముద్ర వేరొక మనిషిదని తేల్చారు. ఎఫ్.బి.ఐ. క్షమాపణ చెప్పింది; 2006లో ఇరవై లక్షల డాలర్లు పరిహారం ఇచ్చారు. తరువాత అమెరికా న్యాయశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ విచారణ జరిపి ఏమన్నారంటే, మొదట పొరపాటు పడటానికి ఆయన మతం కారణం కాదు, నిజంగానే ముద్రలు చాలా దగ్గరగా ఉన్నాయి. కాని సందేహం వచ్చిన తరువాత కూడా మళ్లీ శ్రద్ధగా చూడకపోవడానికి ఆయన మతం ఒక కారణమై ఉండవచ్చు అని. ఈ వాక్యాన్ని మేము చాలాసార్లు తిరగేసి చూశాము. యంత్రం ఇరవై పేర్లు ఇచ్చింది. ఒక్కటి ఎంచుకొన్నదీ, మళ్లీ చూడకూడదనుకొన్నదీ మనుషులు. ఆ గదిలో "ఇంకొకసారి చూద్దాం" అనే ఒక్కరు ఉంటే ఎలా ఉండేదో!

తుర్కీలో జరిగింది ఇంకొకటి. ప్రభుత్వాన్ని కూలదోయటానికి 2003లో కుట్ర పన్నారని సైనికాధికారుల మీద బాల్యోజ్ అనే పెద్ద కేసు నడిచింది. 2012లో 300 మందికి పైగా శిక్షలు పడ్డాయి. సాక్ష్యం ఏమిటంటే, 2003 నాటివని చెప్పబడిన సి.డి.లలోని కాగితాలు. కంప్యూటరు తెలిసినవాళ్లు లోపల చూస్తే, 2007లో గాని బజారులోకి రాని మైక్రోసాఫ్ట్ ఆఫీసు గుర్తులు, కాలిబ్రి అనే అక్షరాల పేరు వాటిలో కనబడ్డాయి. పుట్టని పిల్లవాడు పెళ్లికి సాక్షి సంతకం పెట్టినట్లు! 2014లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం వారి హక్కులకు భంగం కలిగిందన్నది, 2015 మార్చిలో వారు నిర్దోషులని తీర్పు వచ్చింది. సాక్ష్యం తీసుకొచ్చినవాళ్లూ, జైలుకు పోయినవాళ్లూ ఇద్దరూ ఒకే మతంవాళ్లు. అబద్ధపు సాక్ష్యానికి మతం ఏముంటుంది?

ఒకవైపే చెప్పి ఊరుకొంటే అదీ అన్యాయమే. 2008 నవంబరులో ముంబైలో 166 మందిని పొట్టన పెట్టుకొన్నారు. వారిలో ముస్లిములు అనేకులున్నారు. చనిపోయిన ఆ తొమ్మిదిమంది దాడిచేసినవాళ్లకు అక్కడి బడా కబ్రస్తాన్‌వారు చోటివ్వము అన్న సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ కేసులో నేరస్థులు సముద్రం మీద ఏ దారిన వచ్చారో చెప్పింది వాళ్ల దగ్గర దొరికిన జి.పి.ఎస్. పరికరాలే. వాటిని పరీక్షించిన నిపుణులు ముంబై కోర్టులో సాక్ష్యమిచ్చారు. ఎక్కడో కూర్చొని ఇంటర్నెట్టు ఫోను ద్వారా "ఇంకా కాల్చండి" అని ఆజ్ఞలిచ్చినవాళ్ల గొంతులు కూడా ఈ శాస్త్రం వల్లనే లోకానికి వినబడ్డాయి. నిర్దోషిని విడిపించే చేయీ, దోషిని పట్టించే చేయీ ఒకటే. ఒకటి కావాలి, రెండోది వద్దు అంటే కుదరదు.

ఉగ్రవాద నిరోధం అనే చదువు గురించి కూడా నాలుగు ముక్కలు. పిల్లలకు బాంబులు చేయడం నేర్పుతారని మా భాయీసాబ్ అనుకొన్నారు; నిజానికి మేమూ అలాగే అనుకొన్నాము. కాదు. స్కాట్లాండులోని సెంట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో 1994 నుంచి దీనికొక ప్రత్యేక కేంద్రం ఉంది. అమెరికాలోని మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంవారు 1970 నుంచి ప్రపంచంలో జరిగిన దాడుల పట్టిక తయారుచేశారు, రెండు లక్షలకు పైగా సంఘటనలున్నాయి అందులో. ఏ మతంవారు, ఏ రాజకీయంవారు, ఏ దేశంలో, ఎందుకు చేశారు అనేది చరిత్ర, చట్టం, మనస్తత్వం కలిపి చదువుతారు. మన దేశంలో గాంధీనగర్ దగ్గరే రాష్ట్రీయ రక్షా యూనివర్సిటీ దేశభద్రతకు సంబంధించిన చదువులు చెబుతోంది. ఈ రెండు విశ్వవిద్యాలయాలకూ 2020లో పార్లమెంటు చట్టాలు చేసి జాతీయ హోదా ఇచ్చింది.

కాని జాగ్రత్త ఒకటి చెప్పక తప్పదు. ఇంగ్లాండులో నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో 2008లో రిజ్వాన్ సాబిర్ అనే విద్యార్థి ఉగ్రవాదం మీదే ఎమ్.ఎ. చదువుతున్నాడు. పరిశోధన కోసం అల్ ఖాయిదా వాళ్ల ఒక పుస్తకం తీసుకొన్నాడు. ఎక్కడి నుంచి? సాక్షాత్తు అమెరికా న్యాయశాఖ వెబ్‌సైటు నుంచి. దాన్ని అక్కడే ఉద్యోగంలో ఉన్న మిత్రుడికి పంపాడు. మే నెలలో ఇద్దరినీ అరెస్టు చేశారు. ఏడు రోజులు ఉంచుకొని, ఏ కేసూ పెట్టకుండా సాబిర్‌ను వదిలారు. 2011లో పోలీసులు ఇరవై వేల పౌండ్లు పరిహారం చెల్లించారు. ఆయన చదువు మానలేదు. డాక్టరేటు చేసి, లివర్‌పూల్ జాన్ మూర్స్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకులయ్యారు. ఆ ఏడు రోజులు ఆ తల్లిదండ్రులకు ఎలా గడిచాయో మనం ఊహించగలం. కాబట్టి మా విద్యార్థులకు మేము చెప్పేది: ఇలాంటి సామగ్రి ఇంట్లో ఫోనులో చూడవద్దు. యూనివర్సిటీ ల్యాబులో, గురువుగారి లిఖితపూర్వకమైన అనుమతితో, ఆ పనికి ఇచ్చిన యంత్రం మీదనే చూడండి. ఎవరికీ ఫార్వర్డ్ చేయవద్దు, మిత్రుడికైనా సరే. ఏమి చూశారు, ఎప్పుడు చూశారు, ఎందుకు చూశారు అనేది నోటుబుక్కులో తారీఖు వేసి రాసి పెట్టుకోండి. మీ ఇస్నాద్ మీరే రాసుకోవాలి.

ఇంకొక పేరు చెప్పి తీరాలి, ఎందుకంటే మన పిల్లల పాఠ్యపుస్తకాలలో మాకెక్కడా కనబడలేదు. ప్రపంచమంతా వేలిముద్రలకు హెన్రీ పద్ధతి అని ఒక పేరు పెట్టుకొంది. ఎడ్వర్డ్ హెన్రీ బెంగాల్ పోలీసు పెద్ద అధికారి. ఆయన కింద పనిచేసిన కాజీ అజీజుల్ హక్ అనే మన బెంగాలీ కుర్రవాడు, ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కలు చదివినవాడు, వేల వేల వేలిముద్రలలో కావలసినది చప్పున వెతికి తీయటానికి ఒక సూత్రం కట్టాడు. 32 వరుసలు, 32 నిలువులు, మొత్తం 1024 గూళ్లు. ఏ ముద్ర ఏ గూటిలో ఉండాలో లెక్క చెబుతుంది. ఆయనతోపాటు హేమచంద్ర బోస్ కూడా ఈ పనిలో పాలుపంచుకొన్నారు. 1897లో కలకత్తాలో ఫింగర్‌ప్రింట్ బ్యూరో మొదలయింది. పేరు మాత్రం దొరగారిది అయింది. ఆలస్యంగా హక్‌గారికి ఖాన్ బహదూర్ బిరుదు ఇచ్చారు. ఒక హిందువు, ఒక ముస్లిము కూర్చొని చేసిన లెక్క అది. రియాజీ అంటే గుండెదడ అని చెప్పే మా తొమ్మిదో తరగతివాళ్లు ఈ సంగతి ప్రత్యేకంగా వినగలరు.

ఖర్చు, అర్హత విషయాలు క్లుప్తంగా. బి.ఎస్సి. కంప్యూటర్లు, బి.సి.ఎ., బి.టెక్. చదివినవారు ఈ ఎమ్మెస్సీకి ప్రయత్నించవచ్చు. నేషనల్ ఫోరెన్సిక్ యూనివర్సిటీవారికి సొంత ప్రవేశ పరీక్ష ఉంది. బోధన ఇంగ్లీషులో. ఉర్దూ మీడియం పిల్లలకు అసలు గోడ ఇదే. లెక్కలు కాదు, మతం కాదు, ఇంగ్లీషు. ఆ అమ్మాయి మాకు ఫోను చేసి చెప్పింది, మొదటి నెలంతా 'వాలటైల్' అనే మాట పాఠంలో వచ్చినప్పుడల్లా బెదిరిపోయేదట. కరెంటు తీస్తే పోయే జ్ఞాపకం అని దాని అర్థం. దీని కోసం సంఘంవారు ఇంటరు పిల్లలకు సాయంత్రం ఇంగ్లీషు క్లాసు పెట్టాలని రెండేళ్లుగా అడుగుతున్నాము. కోశాధికారిగారు ఇక్కడే ఉన్నారు, మా వైపు చూడటం లేదు.

అవును, ఆ అమ్మాయి చేరింది. ఒక సంవత్సరం ఆలస్యంగా. ఆ పోయిన సంవత్సరం మా లెక్కలో రాసుకోవాలి. ఈసారి మేమే వాళ్లింటికి వెళ్లి, "భాయీసాబ్, పోయినేడు మేము చెప్పింది తప్పు" అన్నాము. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చేతిలో ఉన్న గడియారం మూత బిగించి, కంటి అద్దం తీసి, "పిల్లకు ఏదైనా అయితే మీరు వస్తారా నాతో?" అని అడిగారు. వస్తామన్నాము. రైలుకు సాగనంపే రోజున తన పాత భూతద్దం ఒకటి కూతురికిచ్చారు. కంప్యూటరు చదువులో అది దేనికీ పనికిరాదని ఆ పిల్లకూ తెలుసు, తీసుకొని సంచిలో పెట్టుకొంది. తల్లి మాత్రం స్టేషనుకు రాలేదు. ఇప్పటికీ మాతో సరిగా మాట్లాడరు.

రంజాను సెలవులకు ఆ అమ్మాయి ఊరికి వస్తోంది. సంఘం చదువుల గదిలో ఉన్న కంప్యూటరు మీద, ఒక ఆదివారం, ఉచితంగా దొరికే 'ఆటాప్సీ' అనే సాఫ్ట్‌వేరుతో చెరిపేసిన ఫైళ్లు ఎలా బయటపడతాయో మన పిల్లలకు చూపిస్తానన్నది. ఇంట్లో పాత పెన్‌డ్రైవులు ఎవరి దగ్గరైనా ఉంటే తెచ్చి ఇవ్వండి. ఇంటి ఫోటోలు, ఆడవాళ్ల ఫోటోలు ఎప్పుడైనా ఉండినవి మాత్రం తేవద్దు. చెరిపేశాము గదా అనుకోవద్దు, ఆ పిల్ల తీసి చూపించేస్తుంది. సెల్‌ఫోను షాపు కుర్రవాడిని కూడా రమ్మని పిలిచాము. వస్తాననలేదు, రాననలేదు. కుర్చీ ఒకటి ఎక్కువ వేయించమని చౌకీదారుకు చెప్పి ఉంచాము.